గోదావరి గడ్డ మీద పగడాల తొట్టె

సముద్రపు నీటిలో చేపలతో పాటు బతికున్న పగడాలను కూడా పెంచే గాజు తొట్టెను రీఫ్ అక్వేరియం అంటారు. మంచినీటి తొట్టెలో దృష్టంతా చేపల మీద ఉంటుంది. రీఫ్ తొట్టెలో మాత్రం పెంచేది ముందుగా నీటినే. ప్రాణులు ఆ తర్వాతి మాట. పగడం చూడటానికి మొక్కలా ఉన్నా అది జంతువు. దాని ఒంట్లో కంటికి కనిపించనంత చిన్న నాచు కణాలు కాపురం ఉంటాయి. వెలుతురు తగిలినప్పుడు అవి చేసుకునే ఆహారంలో ఎక్కువ భాగం పగడానికే చేరుతుంది. అందువల్ల పగడానికి తేటగా, వెచ్చగా ఉండే నీరు కావాలి. ఉప్పదనం మారకూడదు, ఎరువు సత్తువ దాదాపు ఉండకూడదు, ధారాళంగా వెలుతురు పడాలి. వీటిలో ఏ ఒక్కటి తప్పినా పగడం నాచును వదిలేసి తెల్లబోతుంది.

కోనసీమలోని అమలాపురం నుంచి ఓడలరేవు తీరానికి గంట ప్రయాణం కూడా లేదు. అయినా అక్కడి నీరు ఈ పనికి రాదు. దేశంలో చెప్పుకోదగ్గ పగడపు దీవులు, దిబ్బలు ఉన్నవి మన్నార్ సింధుశాఖ, పాక్ అఖాతం, కచ్ సింధుశాఖ, లక్షద్వీప్, అండమాన్ నికోబార్‌లలో. ఆంధ్ర తీరంలో అవి ఎదగకపోవడానికి పెద్ద కారణం నదులు. గోదావరి పాయలైన వసిష్ఠ, వైనతేయ, గౌతమి వరద కాలంలో మోసుకొచ్చే ఒండ్రు వెలుతురును అడ్డుకుంటుంది, పగడాల మీద పేరుకుని ఊపిరాడనివ్వదు. వాటి మంచినీరు తీరపు ఉప్పదనాన్ని విరిచేస్తుంది. గోదావరి వరద తగ్గాక కూడా తెరిపి ఉండదు. ఈశాన్య రుతుపవన కాలంలో తీరం వెంట దక్షిణానికి సాగే ప్రవాహం గంగా బ్రహ్మపుత్రల నీటిని కిందికి దించుతుంది. నడిసముద్రంలో లీటరుకు 35 గ్రాముల వరకు ఉండే లవణాలు ఆ నెలల్లో ఈ తీరంలో 30 కంటే బాగా కిందికి పడిపోతాయి. రొయ్యల చెరువుల నుంచి డ్రెయిన్ల ద్వారా సముద్రంలో కలిసే నీటి సంగతి సరేసరి. అంతర్వేది సంగమంలో డబ్బాలకెత్తి తెచ్చుకునే నీరు పుణ్యానికి పనికొస్తుంది గాని పగడానికి పనికిరాదు.

సముద్రం సాయపడకపోయినా, ఇక్కడి చేతి పనితనం బాగా సాయపడుతుంది. సఖినేటిపల్లి, మలికిపురం, అల్లవరం, ఉప్పలగుప్తం, కాట్రేనికోన మండలాల్లో రొయ్యల రైతుకు సెలినిటీ, పీహెచ్, అమ్మోనియా, నైట్రైట్, ఆల్కలినిటీ రోజువారీ మాటలు. 2009లో వనామీ రొయ్య సాగుకు అనుమతి వచ్చిన తర్వాత ఊరూరా ఆక్వా ల్యాబులు వెలిశాయి. రీఫ్ తొట్టెకు కావలసిన పరీక్షల్లో చాలావరకు అక్కడే చేయించుకోవచ్చు. అయితే చెరువు లెక్కకూ తొట్టె లెక్కకూ దిక్కులు వేరు. చెరువులో నీరు రంగు తిరగాలని తవుడు, బెల్లం పులియబెట్టి పోస్తారు. తొట్టెలో నీరు రంగు తిరిగిందంటే పని చెడినట్టే. వనామీ 10 పీపీటీలో (లీటరుకు పది గ్రాముల ఉప్పదనంలో) కూడా హాయిగా పెరుగుతుంది. పగడం 35 చుట్టూ ఒకటి రెండు పాయింట్ల తేడాకే ముడుచుకుపోతుంది. చెరువు అనుభవం ఉన్నవారు మొదటి తొట్టెలో ఎక్కువగా పొరబడేది మేత దగ్గరే. నాలుగు నెలల్లో పట్టుబడికి రావాల్సిన ప్రాణికి మేపే చెయ్యి ఏళ్ళ తరబడి బతకాల్సిన రెండు చేపలకు మేపితే నీరు నిలవదు.

కొత్తవారు చిన్న తొట్టెతో మొదలుపెడదామనుకోవడం సహజం. నిజానికి చిన్నదే కష్టం, ఎందుకంటే నీరు తక్కువైనకొద్దీ మార్పులు వేగంగా వస్తాయి. 90 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు, 50 ఎత్తు ఉన్న తొట్టెలో దాదాపు 200 లీటర్లు పడతాయి. మొదటి ప్రయత్నానికి అది సరైన కొలత. నీరు, రాళ్ళు, గాజు, స్టాండు కలిపి బరువు మూడు క్వింటాళ్ళకు చేరువవుతుంది కాబట్టి నేల చదునుగా, గట్టిగా ఉండాలి. తొట్టె కింద ఇంకో చిన్న గాజు సంప్ పెట్టి, పై నీరు దానిలోకి జారేలా, పంపుతో మళ్ళీ పైకి ఎక్కేలా అమరిస్తే పరికరాలన్నీ అందులో దాగుతాయి. ఆ పరికరాల్లో ముఖ్యమైనది ప్రోటీన్ స్కిమ్మర్. అలల ఒడ్డున తేలే నురగ లాంటిదే ఇది పుట్టించే నురగ కూడా: సన్నని గాలి బుడగలకు మేత ముక్కల, విసర్జనల జిడ్డు అంటుకుని పైకి తేలుతుంది. అది కుళ్ళి అమ్మోనియా కాకముందే కప్పులోకి ఎత్తి పారబోయవచ్చు.

నీటి తయారీకి ఆర్వో నీరు కావాలి. కోనసీమలో బోరు నీరు చాలాచోట్ల ఉప్పన. ధవళేశ్వరం నుంచి వచ్చే కాలువ నీటిలో పొలాల ఎరువుల జాడలు ఉంటాయి. ఊరి ప్లాంటు ఆర్వో నీటిలోనూ కొంత టీడీఎస్ మిగిలే ఉంటుంది గనుక దాన్ని మరోసారి అయాన్ రెజిన్ గొట్టం గుండా పంపి సున్నాకు దించాలి. రాగి విషయంలో మరీ జాగ్రత్త అవసరం. ఇత్తడి అమరికల నుంచి, మైలుతుత్తం వాడిన పాత తొట్టెల నుంచి దిగే అతి కొద్ది రాగి కూడా నత్తలను, రొయ్యలను, పగడాలను చంపుతుంది. ఉప్పు విషయంలో వంట ఉప్పు, ఉప్పుమడి ఉప్పు రెండూ కుదరవు. మడిలో సోడియం క్లోరైడు గడ్డకట్టేసరికి కాల్షియంలో ఎక్కువ భాగం ముందే అడుగుకు దిగిపోతుంది, మెగ్నీషియం, పొటాషియం మిగులు ద్రవంలో ఉండిపోతాయి. సముద్రంలో లీటరుకు సుమారు 420 మిల్లీగ్రాముల కాల్షియం, 1,300 మిల్లీగ్రాముల మెగ్నీషియం ఉంటాయి. ఆ పాళ్ళలో కలిపి అమ్మే రీఫ్ సాల్ట్ 200 లీటర్లకు ఏడు కిలోల పైచిలుకు పడుతుంది. వేరే డ్రమ్ములో పంపు వేసి ఒక రోజంతా కలియబెట్టి, రిఫ్రాక్టోమీటర్‌తో చూసి 35 వచ్చాకే వాడాలి. ఆ రిఫ్రాక్టోమీటర్‌ను కూడా మంచినీటితో సున్నాకు సరిచేసి ఊరుకోకుండా 35 పీపీటీ ప్రామాణిక ద్రావణంతో సరిచూడాలి.

ఆవిరైపోయేది నీరే, ఉప్పు కాదు. పైన చెప్పిన తొట్టెలో మట్టం రెండు సెంటీమీటర్లు తగ్గితే ఎనిమిది లీటర్లు పోయినట్టు. 35 కాస్తా 36.5 అవుతుంది. ఆ లోటు రోజూ ఉప్పు లేని ఆర్వో నీటితోనే పూడ్చాలి.

అడుగున పరిచే ఇసుకకు తీరపు ఇసుక వాడకూడదు. గోదావరి ముఖాన దొరికే దానిలో నల్లని ఖనిజ రేణువులు, ఒండ్రు కలిసి ఉంటాయి. అరగొనైట్ ఇసుక కొనుక్కోవాలి. రాళ్ళ సంగతి ఇంకా ముఖ్యం. 1961లో జకార్తాకు చెందిన లీ చిన్ ఎంగ్, సముద్రం నుంచి తెచ్చిన ప్రాణమున్న రాళ్ళతో, గాలి బుడగలతో తొట్టెను ఎలా నిలబెట్టవచ్చో రాశారు. లోకమంతా లైవ్ రాక్ పేరుతో వాడుతున్న పద్ధతికి మూలాలు అక్కడే ఉన్నాయి. మన దగ్గర సముద్రపు రాయిని అలా తేవడం కుదరదు, ఎందుకంటే దానిలో పగడాల అస్థిపంజరాలే ఎక్కువ, వాటికి చట్టం అడ్డుంది. బెజ్జాలున్న సిరామిక్ రాళ్ళు పెట్టి, బాక్టీరియాను తర్వాత ఎక్కించడమే దారి.

ఎక్కించడానికి ఓర్పు కావాలి. కొద్దిగా అమ్మోనియం క్లోరైడు గాని చిటికెడు మేత గాని వేస్తే అమ్మోనియా పుడుతుంది. దాన్ని ఒక రకం బాక్టీరియా నైట్రైట్‌గా, మరో రకం నైట్రేట్‌గా మారుస్తాయి. రాళ్ళ లోపల ఆక్సిజన్ అందని చోట్ల ఉండే ఇంకో రకం నైట్రేట్‌ను నైట్రోజన్ వాయువుగా వదిలేస్తుంది. మొదటి రెండు గుంపులూ స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. చెరువుల్లో చల్లే ప్రోబయోటిక్స్‌తో దీన్ని తొందరపెట్టవచ్చని అనిపిస్తుంది. అవి ఎక్కువగా బాసిల్లస్ జాతివి, అడుగు మడ్డిని తినేవి. అమ్మోనియాను నైట్రేట్‌గా మార్చే పని వాటిది కాదు. వేసిన అమ్మోనియా ఒక్క రోజులో సున్నాకు, నైట్రైట్ కూడా సున్నాకు వచ్చాకే చేప మాట.

వెలుతురుకు నీలం పాలు ఎక్కువగా ఉన్న ఎల్‌ఈడీ దీపం రోజుకు ఎనిమిది తొమ్మిది గంటలు చాలు. నీటిని కదిలించడానికి అల పుట్టించే పంపులు రెండు ఎదురెదురుగా ఉండాలి. వేడి దగ్గరే కోనసీమకు ఖర్చు. పగడాలకు 25 నుంచి 27 డిగ్రీలు అనువు. వేసవి గరిష్ఠాన్ని ఒక్క డిగ్రీ దాటి కొన్ని వారాలు నిలిస్తే సముద్రంలోనే పగడాలు తెల్లబోతున్నాయి. 2024 ఏప్రిల్‌లో శాస్త్రవేత్తలు ప్రకటించిన నాలుగో ప్రపంచ వ్యాప్త తెల్లబారుడుకు కారణం అదే. మే నెలలో ఫ్యాను ఊదినా గదిలోని తొట్టె 30 దాటుతుంది. గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఆవిరి వల్ల వచ్చే చల్లదనం ఇక్కడ తక్కువ. చిల్లర్ కొనలేనివారు ఏసీ ఉన్న గది ఎంచుకోవడం మేలు. కరెంటు పోతే ముందు తగ్గేది ఆక్సిజనే. 1996 నవంబరు 6 తుపానులా స్తంభాలు కూలిన రోజున ఏ ఇన్వర్టరూ వారం లాగలేదు గాని, మామూలు కోతలకు బ్యాటరీతో నడిచే గాలి పంపు ఒకటి ప్రాణం నిలుపుతుంది.

మొదటి చేపగా క్లౌన్ చేపను మించింది లేదు. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ విళింజం, మండపం కేంద్రాల్లో దీన్ని నిర్బంధంలో పిల్లలు పెట్టించే పద్ధతి రూపొందించింది కాబట్టి సముద్రం నుంచి పట్టినది కొనక్కర్లేదు. హేచరీ పిల్ల తొట్టె మేతకు అలవాటుపడి వస్తుంది. ఈ జాతిలో అన్నీ మొదట మగవే. గుంపులో పెద్దది ఆడదిగా మారుతుంది. కనుక రెండు చిన్న పిల్లలను తెస్తే జంట దానంతట అదే కుదురుతుంది. సినిమాల్లో క్లౌన్ చేపతో పాటు చూపించారని సముద్రపు అనిమోన్‌ను వెంటనే తెచ్చిపెట్టనక్కర్లేదు. కొత్త తొట్టెలో అది బతకదు, చస్తే నీరంతా చెడుతుంది. తొట్టె నిలదొక్కుకున్నాక నెలకు ఒక చేప చొప్పున నాలుగైదుకు ఆపాలి. నాచు తినే నత్తలు అరడజను అవసరమే.

చెన్నై నుంచో విశాఖ నుంచో చేప వచ్చేది రొయ్య సీడు వచ్చినట్టే, ఆక్సిజన్ నింపిన సంచిలో, థర్మకోల్ పెట్టెలో. దారిలో చేప వదిలిన కార్బన్ డయాక్సైడ్ వల్ల సంచిలో పీహెచ్ తగ్గుతుంది. దాంతో పేరుకున్న అమ్మోనియా పెద్దగా విషం కాదు. సంచి విప్పగానే ఆ వాయువు ఎగిరిపోయి పీహెచ్ లేస్తుంది. 7.2 నుంచి 8.2కు వచ్చేసరికి అమ్మోనియా విషరూపం వాటా దాదాపు పది రెట్లవుతుంది. చుక్కచుక్కగా గంటల తరబడి నీరు కలపడం మంచిదన్న నమ్మకం దూరం నుంచి వచ్చిన చేపకు చేటు. వేడి సమం చేసి, రెండుచోట్లా ఉప్పదనం ముందే సరిపోల్చి ఉంచి, త్వరగా మార్చేయాలి.

మార్చేది మాత్రం పెద్ద తొట్టెలోకి కాదు, నాలుగు వారాల పాటు వేరే తొట్టెలోకి. వైట్ స్పాట్ అంటే కోనసీమ రైతుకు 1994, 95ల్లో టైగర్ రొయ్యను తుడిచిపెట్టిన వైరస్ గుర్తొస్తుంది. చేపల వైట్ స్పాట్ దానికి ఏ సంబంధమూ లేని క్రిప్టోకారియన్ అనే ఏకకణ జీవి. చేప ఒంటి మీద ఉప్పు రేణువుల్లా కనిపించి రాలిపోతుంది, ఇసుకలో గుడ్డు లాంటి పొర కట్టుకుని కొన్ని వారాలకు మళ్ళీ విచ్చుకుంటుంది. మచ్చలు పోయాయంటే జబ్బు పోయినట్టు కాదు. దీనికి రాగి మందు పనిచేస్తుంది, కానీ ఆ మందు పగడాలున్న తొట్టెలో వేయలేరు; అందుకే విడి తొట్టె.

పగడాల దగ్గర చట్టం తెలుసుకుని కొనాలి. గట్టి పగడాలన్నీ, నల్ల పగడాలు, అగ్ని పగడాలు, సముద్రపు విసనకర్రలు, అలాగే సముద్రపు గుర్రాలు 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో చేరాయి. సముద్రం నుంచి వాటిని తీయడం, అమ్మడం, కొనడం నేరం. పులి గోరుకు ఏ షెడ్యూలో ఎండిన పగడపు ముక్కకూ అదే షెడ్యూలు. విదేశాల్లో పెంచి అనుమతి పత్రాలతో దిగుమతి చేసినవాటికి సైటిస్ కాగితాలు, రిజిస్ట్రేషన్ చూపించమని అడగాలి. చూపించలేనివాడి దగ్గర కొనకూడదు. కొత్తవారికి అసలు గట్టి పగడం అక్కర్లేదు కూడా. పుట్టగొడుగు పగడాలు, జోయాంథిడ్‌లు, తోలు పగడాలు మెత్తనివి, చిన్న తప్పులు ఓర్చుకుంటాయి. జోయాంథిడ్‌లలో కొన్నిటి ఒంట్లో పాలిటాక్సిన్ అనే ఘోరమైన విషం ఉంటుంది. వాటిని తొడుగు లేని చేతులతో కోయకూడదు, అవి అంటుకున్న రాయిని వేడినీళ్ళలో వేయకూడదు. ఆవిరి పీల్చి ఆసుపత్రి పాలైన కుటుంబాలున్నాయి.

తర్వాతి పని వారానికి పదో వంతు నీరు మార్చడం, నైట్రేట్ లీటరుకు 5 నుంచి 10 మిల్లీగ్రాములు, ఫాస్ఫేట్ 0.1 మిల్లీగ్రాము మించకుండా చూడటం. రెండూ పూర్తిగా సున్నా అయినా పగడాలు పాలిపోతాయి. పగడాలు పెరిగేకొద్దీ కాల్షియం, ఆల్కలినిటీ తరుగుతాయి; ల్యాబు చీటీలో ఆల్కలినిటీ 125 పీపీఎం కిందికి దిగితే చేర్చాలి. చౌక మార్గం సున్నపు తేట: లీటరు ఆర్వో నీటికి గ్రామున్నర శుద్ధమైన కాల్షియం హైడ్రాక్సైడ్ కలిపి, మడ్డి దిగాక పై తేటను ఆవిరి లోటు పూడ్చే నీటి బదులు రాత్రిపూట చుక్కలుగా వదలాలి. కిళ్ళీ సున్నం ఇందుకు పనికిరాదు. తేట పీహెచ్ 12 దాటుతుంది గనుక ఒక్కసారిగా పోస్తే తొట్టెలో పీహెచ్ ఎగబాకి, కాల్షియం తెల్లని పొడిగా విరిగి పంపుల్లో పేరుకుంటుంది.