మెరుపుకు తూము

1851లో లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో విలియం హెన్రీ ఫాక్స్ టాల్బట్ ఒక విచిత్రమైన ప్రయోగం చేశాడు. 'ది టైమ్స్' పత్రిక కాగితాన్ని చక్రానికి అతికించి, గదిని చీకటి చేసి, చక్రాన్ని గిర్రున తిప్పించాడు. లేడెన్ జాడీల్లో నింపి ఉంచిన విద్యుత్తు ఒక్క నిప్పురవ్వగా మెరిసి ఆరిపోయింది. ఫోటో తీసిన ప్లేటు మీద అచ్చు అక్షరాలు చెదరకుండా దిగాయి. కదిలేదాన్ని ఫోటోలో నిలపడానికి వేగంగా మూసుకునే షట్టరే ఉండాలని లేదు, వెలుగు అంత వేగంగా వచ్చిపోయినా చాలని అప్పుడే తేలింది.

తేలినా అది వెంటనే వాడుకలోకి రాలేదు. తర్వాతి దశాబ్దాల్లో రాజ్యమేలింది మెగ్నీషియం. 1887లో జర్మనీలో అడోల్ఫ్ మీటే, యోహానెస్ గేడికే కలిసి మెగ్నీషియం పొడికి పొటాషియం క్లోరేట్ చేర్చి ఫ్లాష్ పౌడర్ తయారుచేశారు. భగ్గున మండేది, గది నిండా తెల్లటి పొగ కమ్మేది. న్యూయార్క్ పేదల ఇరుకు గదులను ఈ పొడి వెలుగులోనే ఫోటోలు తీసిన జేకబ్ రీస్, ఆ పనిలో రెండుసార్లు ఇళ్లకూ ఒకసారి తనకూ నిప్పంటించుకున్నానని స్వయంగా రాసుకున్నాడు. 1930 ప్రాంతంలో వచ్చిన ఫ్లాష్ బల్బు మంటను గాజులో బంధించింది కానీ, ఒక ఫోటోకు ఒక బల్బు చొప్పున పారేయాల్సి వచ్చేది.

టాల్బట్ రవ్వకు మళ్లీ ప్రాణం పోసినవాడు ఫోటోగ్రాఫర్ కాదు, మోటార్ల ఇంజనీరు. అమెరికాలోని ఎంఐటీలో హెరాల్డ్ ఎడ్జర్టన్ విద్యుత్ మోటార్ల మీద పరిశోధన చేసేవాడు. తిరిగే మోటారులో ఏం జరుగుతోందో కంటికి ఆనదు. మోటారు వేగానికి సరిపోయేలా దీపాన్ని మెరిపిస్తే అది నిలబడిపోయినట్టు కనిపిస్తుంది. 1931 నాటికి ఆయన తయారుచేసిన స్ట్రోబోస్కోప్ ఆ పని చేసి చూపించింది. తర్వాత అదే మెరుపు పద్ధతి పాలచుక్క ఎగసి కిరీటంలా విచ్చుకునే క్షణాన్నీ, యాపిల్ పండును చీల్చుకుపోయే బుల్లెట్టునూ ఫోటోల్లో పట్టి ఇచ్చింది.

ఈనాటి ఫ్లాష్ గొట్టంలో ఉండేది జెనాన్ వాయువు. 1898లో విలియం రామ్సే, మోరిస్ ట్రావర్స్ కనిపెట్టిన ఈ వాయువు మామూలుగా విద్యుత్తును తన గుండా పోనివ్వదు. గొట్టం రెండు కొసలకూ కలిపిన, విద్యుత్తును నిల్వచేసే కెపాసిటర్ మూడు వందల పైచిలుకు వోల్టులతో కాచుకుని ఉన్నా ఏమీ జరగదు. గొట్టం బయటి తీగకు కొన్ని వేల వోల్టుల చిన్న దెబ్బ తగలగానే జెనాన్ అయనీకరణం చెంది దారి ఇస్తుంది. కెపాసిటర్‌లో దాచినదంతా వెలుగై పోతుంది. ఆ వెలుగు రంగు మధ్యాహ్నపు ఎండకు బాగా దగ్గర. ఫోటోగ్రాఫర్లకు ఇంతకన్నా ఏం కావాలి?

అక్కడి నుంచి ఈ యంత్రం వంశం రెండుగా చీలింది. ఒక శాఖ స్టూడియోలో స్థిరపడింది. స్విట్జర్లాండ్‌లో 1958లో బ్రాన్‌కలర్, 1962లో ఎలిన్‌క్రోమ్, స్వీడన్‌లో 1968లో ప్రొఫోటో పుట్టాయి. బరువైన కెపాసిటర్లు, గోడ ప్లగ్గు నుంచి కరెంటు, వెలుగు ఎక్కడ పడుతుందో ముందే చూపించే మోడలింగ్ ల్యాంపు వీటి లక్షణాలు. రెండో శాఖ కెమెరా నెత్తిన కూర్చుంది. నికాన్ దాన్ని స్పీడ్‌లైట్ అంది. నాలుగు పెన్సిల్ బ్యాటరీలతో నడుస్తూ, ఎదుటి వస్తువు నుంచి తిరిగొచ్చే వెలుగును కొలిచి, చాలనుకోగానే తనంతట తానే ఆగిపోవడం దీని విద్య. 1970లలో థైరిస్టర్ అనే స్విచ్ వచ్చాక, వాడగా మిగిలిన విద్యుత్తు కెపాసిటర్‌లోనే ఉండిపోయి తర్వాతి ఫోటోకు పనికొచ్చింది. 1975లో ఒలింపస్ ఓఎమ్-2 కెమెరా ఫిల్మ్ మీద పడి తిరిగొచ్చే ఫ్లాష్ వెలుగునే లోపల కొలిచి, ఫ్లాష్‌ను సమయానికి ఆపేసింది.

రెండు శాఖల అసలు తేడా సైజులో లేదు, వెలుగును తగ్గించే పద్ధతిలో ఉంది. కెపాసిటర్‌ను చెరువు అనుకుంటే, సంప్రదాయ స్టూడియో లైటు నీటిమట్టాన్నే ముందు తగ్గించుకుని, తర్వాత తూము పూర్తిగా ఎత్తి ఉన్నదంతా వదిలేస్తుంది. స్పీడ్‌లైట్ చెరువును ఎప్పుడూ నిండుగానే ఉంచి, కావలసినంత పారగానే తూము దించేస్తుంది. అందుకే పవర్ తగ్గించేకొద్దీ స్టూడియో లైటు మెరుపు సాగుతుంది, రంగు కాస్త ఎరుపుకు తిరుగుతుంది. స్పీడ్‌లైట్ మెరుపు కురచవుతుంది, రంగు నీలానికి జరుగుతుంది. నికాన్ ఎస్‌బీ-800 నిండు పవర్‌లో సెకనులో 1050వ వంతు వెలిగితే, 1/128 పవర్‌లో వెలిగేది 41,600వ వంతే.

రెండింటినీ ఒకే పోర్ట్రెయిట్‌కు వాడినప్పుడు ఈ తేడాలన్నీ బయటపడతాయి. ముఖానికి ప్రధానమైన వెలుగుగా 400 జౌళ్ల స్టూడియో లైటు, దాని ముందు పెద్ద సాఫ్ట్‌బాక్స్. వెనక నుంచి జుట్టు అంచులను వెలిగించడానికి ఒక స్పీడ్‌లైట్. 330 వోల్టులు, 1400 మైక్రోఫారడ్ల కెపాసిటర్ ఉన్న స్పీడ్‌లైట్‌లో దాగేది సుమారు 75 జౌళ్లు. లెక్కకు ఇది స్టూడియో లైటు కన్నా రెండు స్టాపుల పైచిలుకు తక్కువ (ఒక్కో స్టాపుకు వెలుగు సగమవుతుంది). అయినా జుట్టు దగ్గర అది ఓడిపోదు. సాఫ్ట్‌బాక్స్ గుడ్డ వెలుగును కొంత మింగి మిగతాదాన్ని నలువైపులా పరుస్తుంది. స్పీడ్‌లైట్ ముందున్న జూమ్ లెన్స్ ఉన్నదంతా సన్నటి ధారగా చేసి ఒక్కచోటికి పంపుతుంది. దగ్గర నుంచి వేస్తే 1/16 పవర్, అంటే అయిదు జౌళ్లకు లోపే, చాలాసార్లు సరిపోతుంది.

అంత తక్కువ పవర్‌లో వాడటానికి ఇంకో కారణం ఉంది. నిండు పవర్‌లో కాలిస్తే చిన్న బ్యాటరీలు కెపాసిటర్‌ను మళ్లీ నింపడానికి కొన్ని సెకన్లు తీసుకుంటాయి. స్టూడియో లైటు అప్పటికే సిద్ధమై ఉంటుంది. ఫోటోగ్రాఫర్ వరసగా నొక్కుకుంటూ పోతే ఒక ఫోటోలో జుట్టు మెరుస్తుంది, తర్వాతి దానిలో మెరవదు.

ఇక రెండూ ఒకే క్షణంలో వెలగాలి. పాత ఉపాయం స్లేవ్ సెల్: ఒక ఫ్లాష్ వెలుగు తగలగానే రెండోది వెలుగుతుంది. ఫ్లాష్ వెలుగును కెమెరా ముందుగానే కొలిచే టీటీఎల్ పద్ధతి వచ్చాక ఇది బెడిసికొట్టింది. కొలత కోసం స్పీడ్‌లైట్ అసలు మెరుపుకు ముందు ఒక చిన్న మెరుపు వదులుతుంది. స్టూడియో లైటు దానికే మోసపోయి షట్టర్ తెరుచుకోకముందే ఖాళీ అవుతుంది. ఫోటో చీకటిగా వస్తుంది. మందు చాలా సులువు: స్పీడ్‌లైట్‌ను మాన్యువల్‌లో పెట్టడం, లేదా రెండింటికీ రేడియో ట్రిగ్గర్లు తగిలించడం. పాత స్టూడియో లైట్ల విషయంలో ఒక జాగ్రత్త తప్పదు. కొన్నింటి సింక్ తీగలో 200 వోల్టులు దాటి ఉంటాయి. నేరుగా డిజిటల్ కెమెరాకు తగిలిస్తే లోపలి సర్క్యూట్ కాలిపోవచ్చు.

రంగు తేడాను సరిచేసేది జెల్ అనే పారదర్శకమైన రంగు పొర. నీలానికి జరిగిన స్పీడ్‌లైట్ ముందు లేత నారింజ జెల్ కడితే రెండు వెలుగులూ ఒక దారికి వస్తాయి. మెరుపు నిడివిలోని తేడాను మాత్రం జెల్ సరిచేయలేదు. మోడల్ తల విదిల్చినప్పుడు స్పీడ్‌లైట్ వెలుగు పడిన వెంట్రుకలు సూది మొనల్లా నిలుస్తాయి, స్టూడియో లైటు పడినవి కాస్త చెదురుతాయి. కొందరు దీన్ని లోపమంటారు. డాన్సర్లను తీసేవాళ్లు కావాలనే వాడుకుంటారు.

ఈ రెండు శాఖలనూ తిరిగి కలిపింది ఐజీబీటీ అనే స్విచ్. వందల ఆంపియర్ల ప్రవాహాన్ని కూడా మధ్యలో తెంచగలదు కాబట్టి పెద్ద లైట్లకూ తూము దించే విద్య అబ్బింది. అమెరికాకు చెందిన పాల్ సి. బఫ్ కంపెనీ 2010 ప్రాంతంలో తెచ్చిన 640 జౌళ్ల ఐన్‌స్టీన్ లైటులో రెండు మోడ్‌లు పెట్టారు. ఒకటి రంగు మారకుండా కాపాడుతుంది, రెండోది మెరుపును వీలైనంత కురచ చేస్తుంది. రెండూ పూర్తిగా ఒకేసారి దొరకవని వాళ్లు దాచలేదు. తర్వాత చైనా కంపెనీ గోడాక్స్ తెచ్చిన 200 జౌళ్ల ఏడీ200 ఇంకో అడుగు వేసింది. లిథియం బ్యాటరీతో చేతిలో ఇమిడే డబ్బా అది. దానికి ఒక తల స్పీడ్‌లైట్‌లా చదరంగా, ఇంకో తల స్టూడియో లైటులా విడి గొట్టంతో ఉంటాయి. అవసరాన్ని బట్టి మార్చుకోవచ్చు.

సాఫ్ట్‌బాక్స్‌ల బిగింపుకు దాదాపు ప్రమాణంలా మారిన ఎస్ మౌంట్‌ను ఇచ్చిన బ్రిటిష్ కంపెనీ బోవెన్స్ 2017లో మూతపడింది. ఆ బిగింపు మాత్రం పోలేదు. స్పీడ్‌లైట్‌ను నడుం దగ్గర పట్టి ఉంచే బ్రాకెట్లకు ఇప్పుడు ముందువైపు అదే ఉంటోంది. పెద్ద స్టూడియో లైట్ల కోసం కుట్టిన సాఫ్ట్‌బాక్స్‌లను పెళ్లి ఫోటోగ్రాఫర్లు నాలుగు పెన్సిల్ బ్యాటరీల ఫ్లాష్‌కు బిగించి, ప్లగ్గు దొరకని కల్యాణ మండపం పెరట్లోనూ వధూవరుల పోర్ట్రెయిట్లు తీసేస్తున్నారు.