సొంత ఫోన్‌లో ఆఫీసు ఖాతా

ఉద్యోగి తన సొంత ఫోన్‌లోనో, ఇంట్లోని ల్యాప్‌టాప్‌లోనో ఆఫీసు మెయిల్ తెరిస్తే ఒకే పెట్టెలో ఇద్దరి సరుకు చేరినట్టు. పరికరం ఉద్యోగిది, ఖాతా కంపెనీది. ఫోటోలు చూస్తారేమో, వాట్సాప్ చదువుతారేమో అని చాలామంది పరికరం గురించే కంగారు పడతారు. నిజానికి కంపెనీ చేతికి సులువుగా అందేది ఖాతా.

ఆఫీసు ఖాతాలో రాసిన ప్రతి మాటా కంపెనీ ఖాతా నడిచే సర్వర్లకు చేరుతుంది. గూగుల్ వర్క్‌స్పేస్‌లో వాల్ట్ అనే సదుపాయం ఉంది. కంపెనీ ముందే నిల్వ నియమం పెట్టుకుంటే, ఉద్యోగి చెత్తబుట్టలోంచి కూడా తీసేసిన మెయిల్‌ను అందులో వెతికి పట్టుకోవచ్చు. మైక్రోసాఫ్ట్ 365లోనూ ఇలాంటి ఏర్పాటే ఉంది. టీమ్స్‌లో ఇద్దరు ఉద్యోగులు చాటుగా చెప్పుకున్న కబుర్లు కూడా దాని పరిధిలోకే వస్తాయి. అవి ఎవరి ఫోన్‌లో టైపు చేసినవన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. లాగిన్ అయిన సమయం, ఐపీ అడ్రస్, పరికరం రకం కూడా నమోదవుతాయి. ఐపీ అడ్రస్‌ను బట్టి ఏ ఊరో సుమారుగా చెప్పవచ్చు. జ్వరమని సెలవు పెట్టి తిరుపతిలో కూర్చుని మెయిల్ చూసుకుంటే ఆ సంగతి లాగ్‌లో పడి ఉంటుంది. దాన్ని ఎవరైనా తీసి చూస్తారా అన్నది వేరే విషయం.

ఇక ఉద్యోగి తెలియకుండా తానే అప్పగించేవి కొన్ని ఉంటాయి. కొత్త నంబరు సేవ్ చేసేటప్పుడు అది ఏ ఖాతాలోకి వెళుతోందో చూసేవాళ్లు అరుదు. ఆఫీసు ఖాతా డిఫాల్టుగా ఉంటే పాలవాడి నంబరు, పిల్లల డాక్టరు నంబరు కూడా కంపెనీ ఖాతాలోకే పోతాయి. గూగుల్ ఫోటోస్ బ్యాకప్‌కు ఆఫీసు ఖాతాను ఎంచుకుంటే పెళ్లి ఫోటోలదీ అదే దారి. ఇంటి కంప్యూటర్లో క్రోమ్‌ను ఆఫీసు ఖాతాతో సింక్ చేస్తే బుక్‌మార్కులు, చూసిన సైట్ల జాబితా, దాచుకున్న పాస్‌వర్డ్‌లు అందులో చేరతాయి. ఇవేవీ కంపెనీ అడిగినవి కావు.

పరికరం మీద కంపెనీకి ఉండే పట్టు, ఖాతాను కలిపిన పద్ధతిని బట్టి మారుతుంది. ఎక్స్ఛేంజ్ యాక్టివ్‌సింక్ అనే మైక్రోసాఫ్ట్ పద్ధతిలో ఫోన్‌లో మెయిల్ పెట్టుకునే రోజుల్లో 'ఈ ఫోన్‌లోని డేటా మొత్తం చెరిపే అధికారం' ఇమ్మని తెర మీద అడిగేది. ఓకే నొక్కితేనే మెయిల్ వచ్చేది కాబట్టి అందరూ నొక్కేవారు. ఫోన్ పోయిందని చెప్పినా, ఉద్యోగం మానినా ఐటీ విభాగం మీట నొక్కితే సొంత ఫోటోలతో సహా అన్నీ తుడిచిపెట్టుకుపోయే అవకాశం ఉండేది.

2014లో వచ్చిన ఆండ్రాయిడ్ 5.0 నుంచి వర్క్ ప్రొఫైల్ అందుబాటులోకి వచ్చింది. ఆఫీసు యాప్‌లు వేరే గదిలో ఉంటాయి, వాటి బొమ్మల మీద చిన్న బ్రీఫ్‌కేసు గుర్తు కనిపిస్తుంది. సొంత ఫోన్‌లో ఈ ఏర్పాటు ఉంటే కంపెనీ తన గదిని మాత్రమే ఖాళీ చేయించగలదు, అవతలి గదిలోని ఫోటోలు, మెసేజ్‌లు దానికి కనిపించవు. సాయంత్రం ఇంటికి చేరాక ఆఫీసు గదికి ఉద్యోగే తాళం వేసుకోవచ్చు కూడా. ఆపిల్ 2019లో ఐఓఎస్ 13తో యూజర్ ఎన్‌రోల్‌మెంట్ తెచ్చింది. అందులో ఫోన్ సీరియల్ నంబరు కూడా కంపెనీకి అందదు, మొత్తం ఫోన్‌ను తుడిచే వీలూ లేదు. కంపెనీ కొనిచ్చిన ఫోన్‌కు ఈ హద్దులన్నీ వర్తించవు.

విండోస్‌లో చిక్కు ఇంకొకటి. ఇంటి కంప్యూటర్లో టీమ్స్‌లోకో, అవుట్‌లుక్‌లోకో ఆఫీసు ఖాతాతో వెళ్లినప్పుడు, పరికరాన్ని నిర్వహించే అనుమతి సంస్థకు ఇవ్వాలా అనే ప్రశ్న ముందే టిక్ పెట్టి కనిపించేది. ఈ యాప్‌లోకి మాత్రమే లాగిన్ అవుతామనే దారి ఆ పక్కనే చిన్న అక్షరాల్లో ఉండేది. ఆ టిక్‌ను తీసేయకపోతే, సంస్థ అమరికలను బట్టి, ఇంటి కంప్యూటర్ మీద ఆఫీసు నియమాలు అమలు కావచ్చు. ముందే టిక్ పెట్టి అడగడం నిజాయితీగా ఉందని చెప్పడం కష్టం.

చట్టం సంగతికి వస్తే, గోప్యత ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తేల్చింది. ఆ హక్కు ప్రధానంగా ప్రభుత్వాన్ని నిలదీయడానికి పనికొస్తుంది. ప్రైవేటు యజమానికి సంబంధించింది 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం. అయితే దాని ఏడో సెక్షన్ ఉద్యోగ అవసరాలకూ, వ్యాపార రహస్యాలు బయటికి పోకుండా చూసుకోవడానికీ ఉద్యోగి సమ్మతి లేకుండానే డేటాను వాడుకోనిస్తుంది. 'ఉద్యోగ అవసరం' అన్న మాట ఎంతదూరం సాగుతుందో కోర్టులే చెప్పాలి.

ఐరోపాలో కొంత స్పష్టత వచ్చింది. రుమేనియాలో బర్బులెస్కు అనే ఇంజనీరు, కంపెనీ చెప్పిన మీదట ఖాతాదారుల కోసం యాహూ మెసెంజర్ ఖాతా తెరిచాడు. సోదరుడితో, కాబోయే భార్యతో నడిపిన సంభాషణలను బయటికి తీసి 2007లో అతణ్ని ఉద్యోగంలోంచి తొలగించారు. నిఘా ఏ మేరకు ఉంటుందో ముందుగా చెప్పలేదు కాబట్టి అతని హక్కుకు భంగం కలిగిందని ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం 2017లో తీర్పునిచ్చింది. ఖాతా ఆఫీసుదైనంత మాత్రాన గోప్యత పూర్తిగా పోదన్నమాట.

ఇది ఐటీ ఉద్యోగుల గొడవే అనుకోనక్కర్లేదు. 2022 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ముఖం చూపి హాజరు వేసే యాప్‌ను తెచ్చినప్పుడు, దాన్ని సొంత ఫోన్లలో వేసుకోబోమని ఉపాధ్యాయ సంఘాలు అభ్యంతరం చెప్పాయి. పరికరాలు ప్రభుత్వమే ఇవ్వాలన్నది వారి డిమాండు.

ఉద్యోగం మారేవాళ్లకు కష్టం చివరి రోజున తెలుస్తుంది. ఖాతా మూసేస్తే అందులో చేరిన నంబర్లు ఫోన్‌లోంచి మాయం కావచ్చు, బ్యాకప్‌లోని ఫోటోలు ఇక అందవు, వాటిని తిరిగి ఇవ్వాలా వద్దా అన్నది అడ్మిన్ ఇష్టం. కాంటాక్ట్స్ యాప్ సెట్టింగ్స్‌లో కొత్త నంబర్లు ఏ ఖాతాలోకి పోతున్నాయో చూసుకోవడానికి అర నిమిషం పట్టదు.