ఐరోపాలో పనిచేసిన ఏళ్ళు వృథా కావు

మన సంఘాల నుండి నర్సులుగా, ఇంజనీర్లుగా ఐరోపాకు వెళ్ళినవారందరూ ఒకే దేశంలో ఉండిపోరు. కొన్నేళ్ళు జర్మనీలో, ఆపై ఐర్లాండ్‌లో పనిచేసినవారున్నారు. నెలనెలా జీతంలో కోసిన పెన్షన్ సొమ్ము ఏమవుతుందంటే, "నాలుగేళ్ళేగా, పోయినట్టే" అని వదిలేసేవారున్నారు. అది పొరపాటు.

ఐరోపా సమాఖ్యలోని 27 దేశాల మధ్య 2010 మే నుండి ఒకే నియమం నడుస్తోంది. అర్హత చూసేటప్పుడు అన్ని దేశాల్లో పనిచేసిన కాలాన్ని కలిపి లెక్కిస్తారు. డబ్బు మాత్రం ఏ దేశపు వాటా ఆ దేశమే ఇస్తుంది. భారత పాస్‌పోర్టు ఉన్నా, సమాఖ్యలో చట్టబద్ధంగా నివసిస్తూ ఒకటికి మించిన దేశాల్లో పనిచేసినవారికి డెన్మార్క్ మినహా ఇది వర్తిస్తుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. ఒక సోదరి జర్మనీలో 4 ఏళ్ళు, ఐర్లాండ్‌లో 12 ఏళ్ళు పనిచేసింది. జర్మనీ పెన్షన్‌కు కనీసం 5 ఏళ్ళుండాలి. ఐర్లాండ్ ఏళ్ళు కలవడంతో ఆ అర్హత వస్తుంది, జర్మనీ తన నాలుగేళ్ళకు చెల్లిస్తుంది. అయితే రెండూ ఒకేసారి రావు. ఐర్లాండ్‌లో పెన్షన్ వయసు 66. జర్మనీలో 1964లోగాని ఆ తర్వాతగాని పుట్టినవారికి 67. ఏడాదికన్నా తక్కువ పనిచేసిన దేశం సాధారణంగా విడిగా పెన్షన్ ఇవ్వదు, ఆ కాలాన్ని మిగతా దేశాలు తమ లెక్కలో కలుపుకుంటాయి.

ఇదేదీ అడగకుండా ఇంటికి రాదు. నివసిస్తున్న దేశంలోని పెన్షన్ కార్యాలయంలో ఒక్క దరఖాస్తు ఇస్తే చాలు, మిగతా దేశాలకు వారే పంపుతారు. అక్కడ ఎన్నడూ పనిచేయకపోతే, చివరగా పనిచేసిన దేశంలో ఇవ్వాలి. కనీసం ఆరు నెలల ముందే మొదలుపెట్టడం మేలు. అన్ని దేశాల నిర్ణయాలు వచ్చాక వాటి సారాంశం పీ1 అనే పత్రంలో అందుతుంది. ఎక్కడైనా లెక్క తప్పిందనిపిస్తే పునఃపరిశీలన కోరవచ్చు.

ఒక జాగ్రత్త. జర్మనీ విడిచి సమాఖ్య వెలుపలికి వెళ్ళిన కొందరికి, రెండేళ్ళు గడిచాక, తాము కట్టిన సొమ్ము వెనక్కి తీసుకునే వీలుంది. వచ్చేది ఉద్యోగి వాటా మాత్రమే. తీసుకుంటే ఆ ఏళ్ళు లెక్కలోనుండి శాశ్వతంగా చెరిగిపోతాయి. అవసరం ఎంత తొందరపెట్టినా, ముందు విచారించాకే సంతకం చేయాలి.

స్వదేశానికి తిరిగి వచ్చినవారికీ దారి ఉంది. జర్మనీ, ఫ్రాన్స్, బెల్జియం, నెదర్లాండ్స్ వంటి దేశాలతో మన ప్రభుత్వానికి సామాజిక భద్రతా ఒప్పందాలున్నాయి. మన ప్రావిడెంట్ ఫండ్ కార్యాలయంలో అడిగి తెలుసుకోవచ్చు.

జీతం స్లిప్పులు, బీమా నంబర్లు, ఉద్యోగ ఒప్పందాలు ఒకచోట భద్రపరచి, ఎక్కడున్నాయో భార్యకో భర్తకో చెప్పి ఉంచండి. పనిచేసిన మనిషి చనిపోతే వితంతువు పెన్షన్‌కూ ఆ ఏళ్ళే ఆధారం. సంఘంలోని చదువుకున్న యువతీయువకులు ఒక సాయంత్రం పెద్దల పక్కన కూర్చుని ఈ కాగితాలు సర్దిపెడితే, అది ఎంతో మేలైన సేవ.