కుటుంబానికి కారు: బేరానికి ముందు లెక్క

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు పెద్దలు. నేడు ఆ మాటకు "కారు కొని చూడు" అని కూడా చేర్చవలసి ఉన్నది.

భిలాయి ఉక్కు కర్మాగారపు మొదటి బ్లాస్ట్ ఫర్నేసును 1959 ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్ర ప్రసాద్ ప్రారంభించారు. ఉద్యోగం వెతుక్కొంటూ ఉత్తరాంధ్ర నుండి ఇక్కడకు వచ్చిన తెలుగు కుటుంబాలు అనేకం. ఆ తరం సైకిలుపై డ్యూటీకి వెళ్ళినది. తరువాతి తరం స్కూటరు కొన్నది. 1983 డిసెంబరులో మారుతి 800 విడుదలైన నాటి నుండి చాలకాలం కొనుగోలుదారుడే కారు కోసం ఎదురుచూడవలసి వచ్చేది. నేడు పరిస్థితి తారుమారైనది. జి.ఇ. రోడ్డు పొడవునా షోరూములే. ఎదురుచూచేది ఇప్పుడు డీలరు. అయినప్పటికీ నష్టపోయి వచ్చే కొనుగోలుదారులను మేము శాఖలో తరచు చూస్తూనే ఉన్నాము. కారణమేమి?

ఒక ఖాతాదారుని అనుభవం

మా ఖాతాదారు ఒకరు శ్రీకాకుళం జిల్లాకు చెందినవారు. కర్మాగారంలో ముప్పది సంవత్సరాలకు పైగా పనిచేశారు. పదవీ విరమణకు పదకొండు నెలలున్నవి. భార్యకు మోకాళ్ళ నొప్పులు. రైలు మెట్లు ఎక్కలేని స్థితి. కారు కొనదలచి, షోరూములో బుకింగు సొమ్ము కట్టి, కొటేషనుతో మా శాఖకు వచ్చారు. "బాబూ, రెండు గంటలు బేరమాడి ఐదు వేలు తగ్గించినాను" అని సంతోషంగా చెప్పారు.

ఆ కాగితంపై "ఆన్‌రోడ్ ధర" అని ఒకే అంకె ఉన్నది. దానిని విడదీసి వ్రాయించి తెమ్మని కోరాను. మరునాడు తెచ్చిన కాగితంలో బీమాకు 48,000 రూపాయలు, సీటు కవర్లు, మ్యాట్లు, పాలిషు కలిసిన కిట్టుకు 28,000, "హ్యాండ్లింగ్ ఛార్జీలు" అని 8,500 రూపాయలు ఉన్నవి. అదే బీమాను అవే షరతులతో వేరొక కంపెనీ నుండి విచారించగా 33,000కు లభించినది. కిట్టులో ఆయనకు నిజంగా అవసరమైన వస్తువులు బజారులో 9,000కే వచ్చినవి. హ్యాండ్లింగ్ ఛార్జీలు దేనికని వ్రాతపూర్వకంగా అడుగగానే డీలరు తొలగించారు. మొత్తం ఆదా 42,500 రూపాయలు. రెండు గంటల బేరం ఇచ్చినది ఐదు వేలు. ఒక్క కాగితం ఇచ్చినది దానికి ఎనిమిదింతలు.

కనుక పాఠకులు మొదట గ్రహించవలసినది ఇది. ఎక్స్‌షోరూము ధర, రోడ్డు పన్ను, రిజిస్ట్రేషను, బీమా, ఉపకరణాలు, పొడిగించిన వారంటీ: ఇవన్నీ వేర్వేరు వరుసలలో ఉన్న కొటేషను చేతికి రానిదే బేరం ప్రారంభించరాదు. పన్నులో, రిజిస్ట్రేషను రుసుములో బేరం లేదు. మిగిలిన ప్రతి వరుసలోనూ ఉన్నది. 2018 సెప్టెంబరు 1 నుండి కొత్త కారుకు మూడేళ్ళ థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. కాని దానిని షోరూములోనే తీసుకొనాలన్న నిర్బంధం లేదు.

వడ్డీలోని మర్మం

ఆ ఖాతాదారుకు షోరూములోనే అప్పు కూడా ఇప్పిస్తామన్నారు. "ఏడు శాతమే, బ్యాంకు తొమ్మిది అడుగుతుంది" అని చెప్పారట. ఆయన మాటలో నిజమున్నదా? లెక్క చూడండి.

6 లక్షల రూపాయల అప్పు, ఐదేళ్ళ గడువు. ఏడు శాతం "ఫ్లాట్" వడ్డీ అనగా, ప్రతి నెలా అసలు కొంత తీరుతున్నా, వడ్డీ మాత్రం ఐదేళ్ళూ పూర్తి 6 లక్షల మీదనే. వడ్డీ 2,10,000, నెలసరి వాయిదా 13,500. బ్యాంకు తొమ్మిది శాతం తగ్గుతున్న నిల్వ మీద లెక్కించబడుతుంది. వాయిదా సుమారు 12,455. మొత్తం వడ్డీ సుమారు 1,47,300. ఏడు అన్నది వాస్తవానికి సుమారు పన్నెండున్నర శాతం! ఐదేళ్ళలో తేడా 62,700 రూపాయలు.

ఈ భ్రమను తొలగించుటకే రిజర్వు బ్యాంకు 2024 అక్టోబరు 1 నుండి రిటైలు ఋణాలన్నింటికీ కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంటు అనే పత్రాన్ని తప్పనిసరి చేసినది. అందులో రుసుములన్నీ కలిపిన వార్షిక శాతం రేటు ఉంటుంది. అప్పు ఎవరిదైనా ఆ ఒక్క అంకెనే పోల్చండి. మా బ్యాంకులో తీసుకొన్నా సరే, ప్రాసెసింగ్ రుసుము ఎంతని అడుగుటకు సంకోచించవద్దు.

గడువు విషయంలోనూ జాగ్రత్త అవసరం. అదే 6 లక్షలను ఏడేళ్ళకు తీసుకొంటే వాయిదా సుమారు 9,650కు తగ్గుతుంది. కాని వడ్డీ 2,10,900కు పెరుగుతుంది. చేతికి తేలికైన వాయిదా జేబుకు బరువు కావచ్చును. చర వడ్డీపై తీసుకొన్న సొంత అవసరపు ఋణాన్ని ముందుగా తీర్చినందుకు రుసుము వసూలు చేయరాదని రిజర్వు బ్యాంకు 2025 జులైలో ఆదేశించినది. 2026 జనవరి 1 నుండి మంజూరైన లేక పునరుద్ధరించిన ఋణాలకు ఇది వర్తిస్తుంది. కనుక పంట సొమ్ము గాని బోనసు గాని వచ్చినపుడు కొంత అసలు కట్టే సౌలభ్యాన్ని వినియోగించుకొనండి.

రైతు సోదరులకు ప్రత్యేకంగా ఒక హెచ్చరిక. కారు మార్జిను కోసం కిసాన్ క్రెడిట్ కార్డు సొమ్మును తీయకండి. అది పంట కొరకు ఉద్దేశించినది. దానిని కారుకు మళ్ళిస్తే వడ్డీ రాయితీ పోవచ్చును. అదునుకు ఎరువుల కొరకు చేయి చాచవలసి రావచ్చును.

కాలం చూచి కొనండి

ధన్‌తేరస్, దీపావళి దినాలలో ఛత్తీస్‌గఢ్ షోరూములు కిటకిటలాడుతాయి. అప్పుడు డీలరుకు తగ్గించవలసిన అగత్యం లేదు. పితృపక్షంలోనూ, ధనుర్మాసంలోనూ గిరాకీ తగ్గుతుంది. నెలాఖరున, మార్చి చివర లక్ష్యాలు పూర్తి చేయవలసి ఉంటుంది. ఆ సమయాలలో బేరం మాట్లాడి, రాయితీని వ్రాయించుకొని, శుభదినాన బండి తీసుకొనవచ్చును. అడగనిదే అమ్మయినా పెట్టదు కదా! భిలాయి, దుర్గ్, రాయపూరు మూడు చోట్లా కొటేషన్లు తీసుకొని పోల్చండి.

ప్రభుత్వ నిర్ణయాలను కూడా గమనించాలి. 2025 సెప్టెంబరు 22 నుండి నాలుగు మీటర్లకు మించని పొడవు, 1,200 సి.సి.కి మించని పెట్రోలు లేక 1,500 సి.సి.కి మించని డీజిలు ఇంజను గల కార్లపై జి.ఎస్.టి. 28 నుండి 18 శాతానికి తగ్గినది, సెస్సు తొలగినది. 2025 ఆరంభంలో రాయపూరు ఆటో ఎక్స్‌పోలో కొన్న వాహనాలకు రాష్ట్ర ప్రభుత్వం జీవితకాలపు రోడ్డు పన్నులో 50 శాతం రాయితీ ఇచ్చినది. ఇటువంటి ప్రకటనలు వెలువడినపుడు కొన్ని వారాలు ఆగుట లాభదాయకం.

డిసెంబరు రాయితీకి మరొక ముఖం ఉన్నది. కొన్నేళ్ళ క్రితం నేనే ఒక షోరూములో జనవరిలో మంచి తగ్గింపుపై కారు కొన్నాను. అది గత మార్చిలో తయారైనదని కాగితాలు వచ్చాక తెలిసినది. అమ్మజూపినపుడు ఏడాది పాతదిగా ధర కట్టారు. కనుక డబ్బు కట్టకముందే ఛాసిస్ నంబరును, తయారైన నెల, సంవత్సరాలను అడిగి వ్రాసుకొనండి. పాత బండికి తగ్గింపు తీసుకొనుట తప్పు కాదు. తెలియక తీసుకొనుట తప్పు.

స్వస్థలానికి తిరిగి వెళ్ళేవారికి

"వచ్చే ఏడు ఊరెళ్ళిపోతాం బాబూ, ఈ సి.జి. నంబరు అక్కడ చెల్లుతుందా?" అని మా ఖాతాదారు అడిగారు. మంచి ప్రశ్న. వేరొక రాష్ట్రంలో పన్నెండు నెలలకు మించి ఉంచదలచిన వాహనానికి అక్కడ కొత్త నంబరు తీసుకొనాలి. అక్కడ పన్ను కట్టి, ఇక్కడ కట్టినదానిలో మిగిలిన కాలపు భాగం వాపసుకు దరఖాస్తు చేసుకొనాలి. 2021లో కేంద్రం ప్రవేశపెట్టిన బి.హెచ్. శ్రేణి నంబరుకు ఈ తిరుగుడు లేదు. పన్నును రెండేళ్ళకొకసారి కట్టవచ్చును. ప్రభుత్వ రంగ సంస్థల ఉద్యోగులకు ఇది ఉద్దేశించబడినది. అయితే సేవలో ఉన్నప్పుడే తీసుకొనాలి. విరమణ తరువాత అడిగితే ప్రయోజనం లేదు. రెండు రాష్ట్రాల నియమాలను దుర్గ్ రవాణా కార్యాలయంలో ముందుగా విచారించిన పిదపనే నిర్ణయించుకొనండి.

డీలరు మిత్రులకు ఒక మాట

ట్రాక్టర్లు, పంపుసెట్లు అమ్మే డీలర్లు కూడా ఈ పత్రిక చదువుతారు. విడదీసిన కొటేషను ఇచ్చినందున మీ వ్యాపారం తగ్గదు. పైన చెప్పిన డీలరు కాగితం సరిదిద్ది ఇచ్చిన పిమ్మట మా ఖాతాదారు తన తోడల్లుడిని కూడా అక్కడికే పంపారు. పల్లెలో ఒక్క మోసం పది గడపలకు చేరుతుంది. ఒక్క నిజాయితీ కూడా అంతే.

తాళం చేతికి వచ్చే ముందు

ముందు బ్యాంకులో మంజూరు పత్రం, తరువాత షోరూము: ఈ క్రమాన్ని మరువవద్దు. పాత బండి మార్పిడి ధరను కొత్త బండి ధరతో కలపనీయవద్దు. డెలివరీకి ముందు పగటి వెలుగులో బండిని చూచి, ఛాసిస్ నంబరు బిల్లుతో సరిపోలినదో లేదో సరిచూడండి. చివరి వాయిదా తీరిన దినాన బ్యాంకు నుండి నిరభ్యంతర పత్రాన్ని, ఫారం 35ను తీసుకొని ఆర్.సి.లో తనఖా నమోదును తొలగింపజేయండి. అది జరిగేవరకు అప్పు తీరినా కాగితంపై తీరనట్లే.

మా ఖాతాదారు లెక్కలో బీమా, కిట్టు, ఛార్జీలు, వడ్డీ కలిపి ఆదా లక్షా ఐదు వేలు దాటినది. ఆ సంక్రాంతికి భార్యను ముందు సీటులో కూర్చుండబెట్టుకొని స్వగ్రామం వెళ్ళివచ్చారు. ఆదా అయిన సొమ్ములో కొంత ఆమె మోకాళ్ళ చికిత్సకు డిపాజిట్టుగా వేశారు. మీరూ షోరూముకు వెళ్ళే ముందు ఒక తెల్లకాగితం, ఒక కలం తీసుకొని కూర్చొనండి. సందేహం ఉంటే మీ శాఖలోని క్షేత్రాధికారిని అడగండి. అందుకే మేమున్నాము.