ఫోను యాప్‌నకు చూపునిచ్చు లైబ్రరీ

ఆకుమీది మచ్చను ఫొటో తీసి, అది ఆకులో నెంతభాగ మాక్రమించినదో కొలుచు యాప్‌ను సంఘము వ్రాయింపదలచినచో, వ్రాయువాడు సమస్తమును మొదటినుండి కల్పింపనక్కరలేదు. ఓపెన్‌సీవీ యను లైబ్రరీ గలదు. లైబ్రరీ యనగా నిచ్చట పుస్తకశాల కాదు. రంగులను వేఱుపఱచుట, అంచులను గుర్తించుట మున్నగు పనులకై ముందే వ్రాసియుంచిన ఆజ్ఞల సంపుటము. ఇది 1999లో ఇంటెల్ సంస్థయందు మొదలైనది. వెల లేదు. ఫోనులోనే పనిచేయును గనుక చేనిలో సిగ్నలు లేకున్నను బాధ లేదు. మచ్చను కొలుచునే గాని తెగులుపేరు తనంతట చెప్పజాలదు.

పూర్వము దీనిని ఆండ్రాయిడ్ ప్రాజెక్టునకు జేర్చుటకు పెద్ద కట్టను దింపుకొని చేతితో నమర్చవలసివచ్చెడిది. 2023 డిసెంబరులో వెలువడిన 4.9.0 మొదలుకొని మావెన్ సెంట్రల్ భాండారమున దొరకుచున్నందున గ్రాడిల్ ఫైలులో నొక పంక్తి చాలును. పిమ్మట యాప్ తెఱచినతోడనే లైబ్రరీని ఫోను జ్ఞాపకములోనికి దెచ్చు ఆజ్ఞ నీయవలెను. మఱచినచో మొదటి ఫొటోకే యాప్ మూతపడును.

సభ్యులు గమనింపవలసిన చిక్కు వేఱొకటి. లైబ్రరీయందు నాలుగు విధముల ప్రాసెసర్లకు నాలుగు ప్రతులుండును. అన్నియు నుంచినచో యాప్ బరువెక్కును. ఎక్స్86 ప్రతులు రెండును ముఖ్యముగా కంప్యూటరుమీది పరీక్షలకే, తీసివేయవచ్చును. 32 బిట్ల ఆర్మ్ ప్రతిని మాత్రము తీయనీయరాదు. అది లేనిచో పాత చవుక ఫోనులు పెక్కింటిలో యాప్ ఎక్కనే యెక్కదు, ఆ ఫోనులు గలవారును చందా కట్టిన సభ్యులే గదా! ఒప్పందములోనే యీ మాట వ్రాయించి, సొమ్ము చెల్లించుటకు ముందు సంఘములోని మిక్కిలి పాత ఫోనునందు నడిపించి చూడవలెను.