సమ్మర్ క్యాంపుకి పంపే ముందు...

పరీక్షలు అయిపోయాయి. పుస్తకాల సంచులు అటకెక్కాయి. ఏప్రిల్ నెలాఖరు నుంచి జూన్ రెండో వారం దాకా ఇక ఇంట్లో పిలకాయల రాజ్యం! పొద్దున లేస్తే టీవీ, కాదంటే సెల్‌ఫోను, అదీ లాక్కుంటే అక్కాతమ్ముళ్ళ మధ్య యుద్ధకాండ. "ఈ పిలకాయల్తో ఏగలేకపోతున్నానమ్మా, స్కూళ్ళెప్పుడు తెరుస్తారో ఏందో!" నెల్లూరులో మాగుంట లేఔట్ అపార్టుమెంట్లలో విన్నా, మైపాడు గేటు సందుల్లో విన్నా ఇదే మాట.

సరిగ్గా ఈ సమయానికే పేపరు మడతలోంచి ఒక రంగు కాయితం జారిపడుతుంది. డాన్సు, డ్రాయింగు, కరాటే, అబాకస్, స్పోకెన్ ఇంగ్లీషు, యోగా, స్విమ్మింగు... చివరి రోజున బీచ్ పిక్నిక్. పదిహేను రోజుల్లో పన్నెండు విద్యలు! కాయితం చూడగానే మనకి ప్రాణం లేచొస్తుంది. ఫీజు ఎంత? వ్యాను ఇంటి దాకా వస్తుందా? ఈ రెండూ కనుక్కుని పేరు రాయించేస్తాం.

అవి రెండూ అడగాల్సినవే. కానీ వెంకటగిరి చీర ఒకటి కొనాలంటే అంచు తిరగేసి, నేత చూసి, నాలుగు కొట్లు తిరిగే మనం, కన్నబిడ్డని రోజుకి నాలుగైదు గంటలు ముక్కూ మొహం తెలియని వాళ్ళ చేతిలో పెట్టేటప్పుడు రెండు ప్రశ్నలతో సరిపెట్టుకుంటే ఎలా?

క్యాంపు మంచిదో కాదో చెప్పేది కాయితం మీద ఉన్న విద్యల జాబితా కాదు. ఎండ వేళ పిల్లలు ఎక్కడుంటారు, నీళ్ళ దగ్గర ఎవరుంటారు, ఎంతమంది పిల్లలకి ఒక పెద్దదిక్కు ఉంటుంది - ఈ మూడూ తేలాకే మిగతావన్నీ.

ముందు వాళ్ళనే అడగండి

క్యాంపుకి వెళ్ళేది మనం కాదు, పిల్లలు. పక్కింటి పిల్ల కీబోర్డు నేర్చుకుంటోందని మన పిల్లనీ అక్కడే కూర్చోబెడితే, అది సెలవుల్లో ఇంకో స్కూలు అవుతుంది. పది నెలలు ట్యూషన్లతో, హోంవర్కులతో నలిగిన పిల్లలకి ఈ ఏడెనిమిది వారాలూ కాస్త ఊపిరి పీల్చుకోవడానికి. "నీకేం చేయాలనుంది?" అని అడిగి చూడండి. "బొమ్మలు వేస్తా" అంటే బొమ్మలు. "ఊరికే ఆడుకుంటా" అంటే అదీ మంచి జవాబే!

న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు గుర్తున్నారు కదా, మన రేడియో అన్నయ్య, అక్కయ్య. 1940లో ఆంధ్ర బాలానంద సంఘం పెట్టి వాళ్ళు పిల్లల చేత చేయించిందేమిటి? పాటలు, నాటకాలు, కథలు, ఆటలు. మార్కులు లేవు, పోటీ పరీక్షలు లేవు. ఇప్పటికీ పిల్లల శిబిరం అంటే ఆ తరహాగా ఉండటమే అందం.

నాలుగైదేళ్ళ వాళ్ళకైతే రెండు గంటలు చాలు. అంతకు మించితే నిద్రకీ, అమ్మకీ మొహం వాచి ఏడుపులు మొదలవుతాయి. ఏడెనిమిదేళ్ళు దాటిన వాళ్ళకి ఒకటి రెండు విషయాలు, పూటకి మూడు గంటలు. పన్నెండు విద్యలు రుచి చూపించడం కంటే ఒక విద్య మీద ఇష్టం పుట్టించడం మేలు.

మన ఎండ వేరు

నెల్లూరు ఎండ గురించి మనకి ఎవరూ చెప్పనక్కర్లేదు. మే నెలలో నలభై డిగ్రీలు దాటడం మామూలే. దానికి తోడు సముద్రం పక్కనుండటంతో ఉక్కపోత. గాల్లో తేమ ఎక్కువైతే చెమట ఆరదు. చెమట ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు. అందుకే వాతావరణ శాఖ వాళ్ళు మైదాన ప్రాంతాలకి వడగాలుల లెక్క 40 డిగ్రీల నుంచి మొదలుపెడితే, తీరప్రాంతాలకి 37 డిగ్రీల నుంచే చూస్తారు. ఆ రోజుకి ఉండాల్సిన వేడి కంటే నాలుగున్నర డిగ్రీలు పెరిగితే అది వడగాలే. "మనకి సముద్రపు గాలి ఉందిలే" అనుకోవడానికీ లేదు. పడమటి గాలి గట్టిగా కొట్టే రోజున సముద్రపు గాలి ఆలస్యంగా తిరుగుతుంది. ఆ రోజు మధ్యాహ్నం రెండింటికి కూడా కొలిమి పక్కన కూర్చున్నట్టే ఉంటుంది. ఇక రోహిణి కార్తె వస్తే చెప్పేదేముంది!

కాబట్టి క్యాంపు వాళ్ళని ముందు అడగాల్సింది వేళలు. ఆరుబయట ఆటలుంటే పొద్దున తొమ్మిది లోపల ముగియాలి, లేదా సాయంత్రం ఐదు తర్వాత మొదలవ్వాలి. పన్నెండు నుంచి మూడు దాకా పిల్లలు నీడపట్టునే ఉండాలి. ఆ నీడ ఎలాంటిదో కూడా చూడండి. రేకుల షెడ్డు నీడ కాదు, పొయ్యి!

మాకు తెలిసిన ఒకావిడ ఫీజు కట్టే ముందు ఓ పదకొండు గంటల వేళ చెప్పకుండా వెళ్ళి చూసొచ్చింది. రేకుల కింద నలభై మంది పిల్లలు, రెండు ఫ్యాన్లు, మూలన ఒక్క నీళ్ళ డబ్బా. దానికి ఒకే గ్లాసు. "పిల్లలు అలవాటు పడిపోతారు మేడం" అన్నారట అక్కడివాళ్ళు. ఆవిడ ఓ నమస్కారం పెట్టి వెనక్కొచ్చేసింది. ఆ మాత్రం మొహమాటం లేకుండా ఉండటం మనమందరం నేర్చుకోవాల్సిందే.

ఇంటి నుంచి సీసాడు నీళ్ళు, టోపీ, పలచటి నూలు బట్టలు మన బాధ్యత. మధ్యలో తాగడానికి పల్చటి మజ్జిగో, నిమ్మకాయ నీళ్ళో ఇస్తారా అని అడగండి. గూడూరు నిమ్మకాయలు పక్కన పెట్టుకుని పిల్లలకి రంగునీళ్ళ సీసాలు ఇవ్వడం ఏం న్యాయం? విరేచనాలో, వాంతులో అయితే లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు (చిన్న చెంచాతో, తలగొట్టి) కలిపి కొంచెం కొంచెంగా పట్టించవచ్చు.

తలనొప్పి, కళ్ళు తిరగడం, వాంతి - ఇవి మొదటి హెచ్చరికలు. ఒళ్ళు కాలిపోతూ, మాట తడబడి, పిల్ల మగతగా పడిపోతే అది వడదెబ్బ. వెంటనే నీడలోకి తెచ్చి, ఒళ్ళంతా చల్లటి నీళ్ళతో తడిపి విసురుతూ, 108కి ఫోన్ చేయాలి. మగతలో ఉన్న పిల్ల నోట్లో నీళ్ళు పోయకూడదు. ఈ సంగతి క్యాంపులో ఉండే మాస్టారుకి తెలుసా? అడిగితే తప్పేం లేదు.

తలలు లెక్కపెట్టేదెవరు?

అమెరికాలో వేసవి శిబిరాలు నూరేళ్ళకి పైబడిన అలవాటు. అక్కడి క్యాంపుల సంఘం ఒక లెక్క చెబుతుంది. పగటి శిబిరాల్లో ఆరు నుంచి ఎనిమిదేళ్ళ పిల్లలు ఎనిమిది మందికి ఒకరు, తొమ్మిది నుంచి పధ్నాలుగేళ్ళ వాళ్ళు పది మందికి ఒకరు చొప్పున పెద్దవాళ్ళుండాలని. మన దగ్గర అంతలా కుదరకపోవచ్చు. కానీ నలభై మందికి ఒకే మాస్టారు, ఆయనే ఫీజు రసీదులూ రాస్తూ, ఫోనూ మాట్లాడుతూ ఉంటే? అక్కడికి మాత్రం పంపకండి.

వచ్చినప్పుడొకసారి, వెళ్ళేటప్పుడొకసారి హాజరు వేస్తారా? పిల్లని ఎవరొచ్చి అడిగినా పంపించేస్తారా, లేక మనం రాసిచ్చిన వాళ్ళకే అప్పగిస్తారా? వ్యాన్లో, ఆటోలో ఎంతమందిని ఎక్కిస్తారు? డ్రైవరు పక్కన సీటు చివర పిల్లల్ని కూర్చోబెట్టి పోయే ఆటోలు మనం రోజూ చూస్తున్నవే.

ఇంకో మాట. ఇది కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది, అయినా చెప్పుకోవాలి. నేర్పేవాళ్ళు ఎవరు, ఎక్కడి నుంచి వచ్చారు, ఇంతకు ముందు ఎక్కడ నేర్పారు అన్నది కనుక్కోండి. తలుపులు మూసిన గదిలో ఒక్క పిల్లతో ఒక్కరే ఉండే పద్ధతి ఉండకూడదు. ఆడపిల్లలున్న చోట ఆడ టీచరో, ఆయమ్మో ఉండి తీరాలి. మరుగుదొడ్డి శుభ్రంగా ఉందా, గడియ పడుతుందా చూడండి. ఎవరైనా తాకకూడని చోట తాకితే, భయపెడితే, "అమ్మకి చెప్పొద్దు" అంటే వెంటనే వచ్చి చెప్పాలని పిల్లలకి ముందే నేర్పండి. మగపిల్లలకీ నేర్పండి. 2012లో వచ్చిన పోక్సో చట్టం ఇద్దరికీ రక్షణే. 1098 నంబరు పిల్లల సాయం కోసమే ఉంది.

సముద్రం అంటే సరదా... జాగ్రత్త!

మన వైపు క్యాంపుల్లో చివరి రోజు బీచ్ పిక్నిక్ తప్పదు. నెల్లూరు నుంచి మైపాడు పాతిక కిలోమీటర్లే. కోడూరు ఉంది, కావలి వాళ్ళకి తుమ్మలపెంట ఉంది. పిల్లలకి సముద్రం చూపించొద్దని ఎవరంటారు? కానీ వంద మంది పిల్లల్ని నలుగురు పెద్దవాళ్ళతో అలల్లోకి వదలడం మాత్రం సాహసం కాదు, నిర్లక్ష్యం.

మన తీరంలో విరిగిన అల నీళ్ళన్నీ ఒక్కోచోట సన్నటి పాయలా కూడి లోపలికి లాగేస్తాయి. అక్కడ అలలు తక్కువగా కనబడేసరికి "ఇక్కడే బాగుంది" అని దిగుతారు. దానికి ఎదురీదితే ఎంత ఈతగాడైనా అలిసిపోతాడు. ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది బయటపడాలి. మునిగే పిల్ల సినిమాల్లోలాగా కేకలు పెట్టదు. నోట్లోకి నీళ్ళు పోతుంటే అరిచే ఊపిరెక్కడిది? నిశ్శబ్దంగా మునిగిపోతుంది. అందుకే కళ్ళు నీళ్ళ మీదే పెట్టుకుని, చేతిలో ఫోను లేకుండా, ఈత వచ్చిన పెద్దవాళ్ళు నిలబడాలి. పిల్లలు మోకాలి లోతు దాటకూడదు. స్విమ్మింగ్ పూల్ అయినా ఇదే సూత్రం. పైగా మేలో బంగాళాఖాతం మూడ్ ఎప్పుడు మారుతుందో తెలీదు. 2010లో లైలా తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది మే 20నే. వాతావరణ హెచ్చరిక వస్తే పిక్నిక్ మానేస్తారా? "డబ్బులు కట్టేశాం కదా" అంటారా? కనుక్కోండి.

అలల్లో దిగకుండానే సముద్రం చూపించే దారి ఒకటుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, అరవై ఒక్క రోజులు తూర్పు తీరంలో చేపల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమది. ఇంజను పడవలన్నీ ఒడ్డుకి చేరతాయి. పట్టపుపాళెంలలో మగవాళ్ళు ఇంటిపట్టునే ఉండి వలలు అల్లుకుంటూ, పడవలకి మరమ్మతు చేసుకుంటూ ఉంటారు. మన పిల్లల సెలవులూ, సముద్రం సెలవులూ ఒకేసారన్నమాట! ముందుగా ఊరి పెద్దల్ని అడిగి, పొద్దున్నే పిల్లల్ని తీసుకెళ్ళి వల ఎలా అల్లుతారో, గాలి దిక్కు ఎలా పడతారో వాళ్ళ చేతే చెప్పించవచ్చు. రాబడి ఆగిన రోజుల్లో ఆ ఇళ్ళు ఎలా గడుస్తాయో కూడా పిల్లలకి తెలుస్తుంది. చేపల పులుసు వెనకాల ఎంత కష్టం ఉందో తెలిసిన పిల్ల కంచంలో వదిలిపెట్టదు.

డబ్బు పెట్టక్కర్లేని చోట్లు

ఫీజు ఎక్కువైతే క్యాంపు మంచిదని అర్థం కాదు. గ్రంథాలయాల్లో ఏటా వేసవి విజ్ఞాన శిబిరాలు పెడతారు. కథలు చదివించడం, చెప్పించడం, బొమ్మలు, ఆటలు... పైసా ఖర్చు లేదు. నెల్లూరు ఏసీ సుబ్బారెడ్డి స్టేడియం లాంటి చోట్ల క్రీడా ప్రాధికార సంస్థ వాళ్ళ వేసవి శిక్షణ శిబిరాలు ఉంటాయి. ఈ ఏడు తేదీలేమిటో ఏప్రిల్లోనే వెళ్ళి కనుక్కోండి.

అదీ కుదరకపోతే? వీధిలో నలుగురు తల్లులు కలిస్తే అదే ఒక క్యాంపు. ఒకరింట్లో ఒక రోజు కథలు, ఇంకొకరింట్లో కుట్టుపని, మరొకరింట్లో అష్టాచెమ్మా, వామనగుంటలు. ఉద్యోగాలకి వెళ్ళే తల్లులకి ఇది పెద్ద ఆసరా. వాళ్ళు ఆదివారం వంతు తీసుకుంటారు.

అన్నట్టు, క్యాంపు అనగానే "వాడు క్రికెట్‌కి పోతాడు, అది ఇంట్లో నాకు సాయంగా ఉంటుంది" అనే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. ఆడపిల్లల చదువు కోసం 1923లోనే కస్తూరిదేవి విద్యాలయం నెలకొల్పిన పొణకా కనకమ్మగారి ఊరు మనది. మన పిల్లకీ సెలవులే కదా! అంట్లు ఇద్దరూ తోముతారు, ఆటలూ ఇద్దరూ ఆడతారు.

ఫీజు కట్టే ముందు...

* క్యాంపు జరిగే వేళకి, చెప్పకుండా ఒకసారి వెళ్ళి చూడండి.
* ఎంతమంది పిల్లలు, ఎంతమంది పెద్దలు - లెక్క అడగండి.
* ఎండ వేళ ఎక్కడ ఉంచుతారు? తాగే నీళ్ళు ఎక్కడివి?
* ఫస్ట్ ఎయిడ్ పెట్టె, దగ్గరలో ఆసుపత్రి, వాహనం ఉన్నాయా?
* ఆస్తమా, ఫిట్స్, పడని తిండి లాంటివి ఉంటే కాయితం మీద రాసివ్వండి.
* బీచ్, పూల్ ఉంటే ఈత వచ్చిన వాళ్ళెవరో పేరుతో సహా అడగండి.
* రెండు రోజులకే పిల్ల వద్దంటే ఫీజు తిరిగిస్తారా?

ఇన్ని అడిగితే "ఈవిడెవరమ్మా, పోలీసు ఇనస్పెక్టరా!" అని నవ్వుకుంటారేమో, నవ్వుకోనివ్వండి. మంచి క్యాంపు వాళ్ళు విసుక్కోరు. పైగా "అడిగినందుకు సంతోషం మేడం" అని అన్నీ చూపిస్తారు. విసుక్కున్నారంటే మీ ప్రశ్నకి జవాబు దొరికినట్టే!

రోజూ సాయంత్రం పిల్లని కూర్చోబెట్టి "ఇవాళ ఏం నేర్చుకున్నావ్?" అని కాకుండా "ఇవాళ ఎవరితో ఆడుకున్నావ్? దేనికి నవ్వావ్?" అని అడగండి. చెప్పడానికి దాని దగ్గర బోలెడు కబుర్లుంటే మీ ఎంపిక సరైనదే. ఏమంటారు?