అసలు మాట ఆఖర్లో రాస్తే ఎవరు చదువుతారు?

కొత్తగూడ చౌరస్తా దగ్గర పీజీలో ఉండే రోజులవి. ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు. ఓ శుక్రవారం రాత్రి క్లయింట్‌కి మెయిల్ పెట్టా. సర్వర్ ఎందుకు స్లో అయింది, లాగ్స్‌లో ఏం కనిపించింది, మేం ఏమేం ట్రై చేశాం... అన్నీ ఒకే పేరాలో కుక్కేసి, చిట్టచివర 'కాబట్టి రేపటి రిలీజ్ ఆపండి' అని రాశా. ఆయన అంతదాకా చదవలేదు. రిలీజ్ వెళ్లిపోయింది. శని, ఆదివారాలు టీమ్ మొత్తం ఆఫీసులోనే!

సోమవారం మా లీడ్ ఆ మెయిల్ చూసి ఒక్కటే మాటన్నారు: 'గ్రామర్ బాగానే ఉంది తమ్మీ, వరసే బాగాలేదు.'

ఇది నా ఒక్కడి అలవాటు కాదనుకుంటా. మనం ఏదైనా చెప్పేటప్పుడు ముందు కథంతా చెప్పి, అసలు విషయం చివరికి దాచుకుంటాం. ఎదురుగా కూర్చుని వినేవాళ్లకి అది ఓకే. ఫోన్‌లో వంద మెయిల్స్ చూసుకునే మనిషికి మాత్రం కాదు.

అందుకే ఇప్పుడు నా రూల్ ఇది: ఒక పేరాకి ఒకే విషయం, అదీ మొదటి వాక్యంలోనే. మిగతా వాక్యాలన్నీ దానికి సపోర్ట్. అప్పటి మెయిల్ ఇప్పుడు రాస్తే మూడు పేరాలవుతుంది. రిలీజ్ ఆపండి, ఎందుకంటే ఇదీ కారణం, మళ్లీ ఎప్పుడు చేద్దాం. అంతే.

మరి ఈ పేరాల్ని కలిపేదెలా? ఫలితం చెప్పడానికి 'దేర్‌ఫోర్', ఎదురు మాటకి 'హౌఎవర్', ఇంకో పాయింట్ కలపడానికి 'మోర్‌ఓవర్'. ఇవి అందరికీ తెలిసినవే. చిక్కల్లా ఏది ఎక్కడన్నదే. దానికో చిన్న టెస్ట్ ఉంది. ఇంగ్లిష్ పదం తీసేసి 'కాబట్టి', 'అయితే', 'పైగా' పెట్టి చదవండి. 'టెస్టింగ్ పూర్తయింది. పైగా, సర్వర్ క్రాష్ అయింది.' తేడాగా ఉంది కదా? అక్కడ కావాల్సింది 'అయితే'. అంటే 'హౌఎవర్'.

అలాగని ప్రతి వాక్యానికీ ఒకటి తగిలించొద్దు. కొత్తగూడ ఫ్లైఓవర్ దగ్గర బోర్డులు దారి చూపిస్తాయి, దారి వెయ్యవు. ఐఈఎల్‌టీఎస్ రైటింగ్‌లో మార్కులిచ్చే నాలుగు అంశాల్లో ఒకటి ఈ వరసా, కలపడమే. రెండో టాస్కుకి 40 నిమిషాల్లో కనీసం 250 పదాలు రాయాలి. అక్కడ కూడా కలిపే పదాలు మరీ ఎక్కువైతే స్కోర్ తగ్గుతుంది.

ఇదంతా పరీక్షల గోలే అనుకోకండి. మన నానక్‌రామ్‌గూడలో పెద్ద క్యాంపస్ ఉన్న అమెజాన్‌నే తీసుకోండి. 2004లో జెఫ్ బెజోస్ తన సీనియర్ టీమ్ మీటింగుల్లో పవర్‌పాయింట్ మానేయించి, పూర్తి వాక్యాలతో, పేరాలతో మెమో రాయమన్నారు. అలా రాయాలంటే ఏది ముఖ్యం, దేనికి దేనితో సంబంధం అన్నది ముందే ఆలోచించక తప్పదని ఆయన లెక్క.

ఈసారి మెయిల్ పంపేముందు ఒక్క నిమిషం ఆగండి. ప్రతి పేరాలో మొదటి వాక్యం మాత్రమే చదవండి. విషయం మొత్తం అర్థమైందా? సెండ్ కొట్టేయండి. అర్థం కాలేదా? వరస మార్చండి. మీ వీకెండ్ మీకు మిగులుతుంది!